నూట పదహారో ఆప్షన్

ఆ ఏడాది జిల్లాలో ఇంగ్లీషు టీచర్ల ఖాళీలు నూట పదహారు తేలాయి. బదిలీ కావలసిన ఇంగ్లీషు టీచర్లు కూడా సరిగ్గా నూట పదహారు మందే. ఇంత చక్కటి లెక్క ఎన్నడూ కుదరలేదని జిల్లా విద్యా కార్యాలయంలో అందరూ సంతోషించారు. పెళ్ళిలో చదివింపుల సంఖ్య కదా, శుభం అనుకున్నారు.

ఒకే బడిలో ఎనిమిదేళ్ళు నిండినవాళ్ళు కదలక తప్పదని నియమం. గండ్లూరు హైస్కూల్లో సుభాషిణి టీచరుకు ఎనిమిదేళ్ళు నిండి నాలుగు రోజులైంది. నాలుగు రోజుల కోసం తనను కదపవద్దని ఆమె అర్జీ పెట్టుకుంది. నియమానికి నాలుగు రోజులైనా నలభై ఏళ్ళయినా ఒకటేనని జవాబు వచ్చింది. జవాబుతో పాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది.

"ఉపాధ్యాయులు తమ ఇష్టానుసారము ఆప్షన్లను ఎంచుకొనవచ్చును. అన్ని ఆప్షన్లనూ ఎంచుకొనుట తప్పనిసరి. ఎంచుకొననిచో ఎంచుకొన్నట్లే భావించబడును."

సుభాషిణి ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ఇంగ్లీషు చెబుతోంది. ఆ మూడు వాక్యాలనూ మూడుసార్లు చదివి, మొదటిదానికి మిగతా రెండూ ఏమవుతాయో తేల్చుకోలేక ఊరుకుంది.

కోరుకున్న చోటు దక్కాలంటే పాయింట్లు ఉండాలి. మొగుడో పెళ్ళామో ప్రభుత్వోద్యోగి అయితే పది, గుండెకో కిడ్నీకో జబ్బుంటే పదిహేను, సంఘంలో పదవి ఉంటే ఐదు. సుభాషిణి భర్త రాజగోపాల్ కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. సంఘంతో ఆమెకున్న బంధమల్లా చందా రసీదే. ఒంట్లో ఏ రోగమూ లేదు.

"ఇన్నాళ్ళూ ఆరోగ్యంగా ఉండి ఏం బాగుపడ్డావు చెప్పు?" అని రాజగోపాల్ నిష్ఠూరమాడాడు.

ఇంటర్నెట్ సెంటర్లో రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఆమె నూట పదహారు ఊళ్ళనూ వరసలో పెట్టింది. ముందు దగ్గరివి, ఆ తర్వాత బస్సున్నవి, ఆ తర్వాత బస్సు లేనివి, ఆఖర్న తుమ్మలేటిపల్లె. ఆ ఊరు తొమ్మిదేళ్ళ కిందటే పెద్దడ్యాము నీళ్ళలో మునిగిపోయింది. జనాన్ని పద్నాలుగు కిలోమీటర్ల అవతల పునరావాస కాలనీలో పెట్టారు. ఒకప్పుడు ఆ బడికి తొమ్మిది పోస్టులుండేవి. ఎనిమిదింటిని ఒక్కొక్కటిగా వేరే బళ్ళు లాక్కున్నాయి. ఇంగ్లీషు పోస్టు ఫైలు మాత్రం ఏ బీరువా వెనకో పడిపోయి అట్లాగే ఉండిపోయింది.

లేని ఊరికి ఎవర్ని పంపుతారులే అనుకుని అందరూ తుమ్మలేటిపల్లెను చివరనే పెట్టారు. నూట పదిహేను ఊళ్ళలో నూట పదిహేను మంది సర్దుకున్నారు. మిగిలింది ఒక ఊరు, ఒక టీచరు. కంప్యూటరు ఇద్దరికీ ముడివేసింది.

సాయంత్రానికి సుభాషిణి ఫోనుకు సందేశం వచ్చింది. "అభినందనలు. మీరు కోరుకున్న స్థానము మీకు కేటాయించబడినది."

మర్నాడు ఆమె జిల్లా కార్యాలయానికి వెళ్ళింది. సూపరింటెండెంటు పురుషోత్తం గారికి ముప్పై మూడేళ్ళ సర్వీసు. ఎవరేం అడిగినా ఆయనకు కోపం రాదు. నియమం ఉన్నచోట నియమం చెబుతాడు, లేనిచోట టీ తెప్పిస్తాడు. సుభాషిణికి టీ రాలేదు.

"సార్, నాకిచ్చిన ఊరు నీళ్ళలో ఉంది."

ఆయన కంప్యూటర్లో ఏవో అంకెలు కొట్టి చూశాడు. "ఉందే మేడమ్!"

"కంప్యూటర్లో ఉంది సార్. నేలమీద లేదు."

"బడికి కోడు ఉందా, లేదా? పదకొండు అంకెలూ భేషుగ్గా ఉన్నాయి. కోడు ఉన్నాక బడి ఉన్నట్టే. ఇక నీళ్ళంటారా, అవి మా శాఖ కాదు. నీటిపారుదల వాళ్ళనడగండి."

"నీళ్ళలో పాఠం ఎట్లా చెప్పేది సార్?"

"ఆ సంగతి ఆప్షన్ పెట్టేముందే ఆలోచించుకోవాల్సింది."

"నేను కోరుకోలేదు సార్. అన్నీ పెట్టి తీరాలన్నారు, ఆఖర్న పెట్టాను."

"ఆఖర్న పెట్టినా పెట్టినట్టే కదా? పంక్తిలో ఆఖర్న కూర్చున్నవాడు భోంచేసినట్టు కాదంటారా?" పురుషోత్తం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు ఇంగ్లీషు టీచరు. ఆప్షన్ అనే మాటకు అర్థం మీకు నేను చెప్పాల్నా?"

"కోరుకునే స్వేచ్ఛ సార్. వద్దనుకుంటే వద్దనే హక్కు కూడా ఆ మాటలోనే ఉంది."

ఆయన జాలిగా నవ్వాడు. "అది డిక్షనరీలో మేడమ్. ఆఫీసులో ఆ మాట నడవడి వేరు. 'ఆప్షన్ ఇవ్వబడినది' అని రాశామంటే, ఇక మీరు మమ్మల్ని ఏమీ అనడానికి లేదని. 'ఆప్షన్ వినియోగించుకొనవలెను' అంటే ఫలానా తేదీలోపల సంతకం పెట్టమని. ఒక పని 'ఆప్షనల్' అన్నామనుకోండి, చెయ్యనివాళ్ళకు మెమో వెనకాల వస్తుందని."

"మరి 'నో ఆప్షన్' అంటే?"

"ఆ మాట మేము వాడము. అది ఉద్యోగులు వాడుకునేది." ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఎల్లుండి పొద్దున తొమ్మిదికల్లా బడి ఆవరణలో నిలబడి, ఫోన్లో ముఖం చూపించి హాజరు వెయ్యండి. లేదంటే మీరు గైర్హాజరును ఆప్షన్‌గా ఎంచుకున్నట్టు భావిస్తాం."

చెప్పిన రోజున పొద్దున ఎనిమిదికి సుభాషిణి పెద్దడ్యాము ఒడ్డున ఉంది. రెండు బస్సులు మారి, ఒక ఆటో ఎక్కి వచ్చింది. చేతిలో గొడుగు, భుజాన సంచి, సంచిలో హాజరుపట్టీ, సుద్దముక్కల డబ్బా. సుద్దముక్కలు ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు. కొత్త బడికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళడం అలవాటు.

ఒడ్డున ఓబులేసు అనే చేపలు పట్టే ఆయన వల ఆరేసుకుంటున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. పక్కన పుట్టి బోర్లించి ఉంది. వెదురు అల్లి తారు పూసిన గుండ్రటి బుట్ట అది, నలుగురు ఎక్కితే నిండిపోతుంది.

"తుమ్మలేటిపల్లె హైస్కూలు తెలుసా అన్నా?"

"తెలీకేమి మేడమ్, ఆరో తరగతి దంకా ఆడనే సదివినా."

"అక్కడికి పోవాల."

ఓబులేసు వల వదిలేసి ఆమె ముఖం చూశాడు. ఎవరైనా ఇంటివాళ్ళు తోడొచ్చారా అని అటూ ఇటూ చూశాడు. సుభాషిణికి అర్థమైంది. "చావడానికి కాదులే, ఉద్యోగానికి" అని ఉత్తర్వు చూపించింది. ఓబులేసు ఆ కాగితం కిందనున్న గుండ్రటి ముద్రను చాలాసేపు చూసి, ఇంకేమీ అడక్కుండా పుట్టి తిప్పాడు.

ఆమెకు ఈత రాదు. బుట్ట అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఓబులేసు తెడ్డు వేస్తూ, దూరాన గుట్ట కొసనూ నీళ్ళలోంచి తల బయటపెట్టిన కరెంటు స్తంభాన్నీ గురి చూసుకుంటూ పోయాడు.

"ఇది అంగళ్ళ వీధి మేడమ్. ఇట్ల తిరిగితే మా ఇండ్లు. ఇప్పుడు మనం పంచాయితీ ఆఫీసు మీద పోతాండాం."

సుభాషిణి కిందికి చూడలేదు. ఫోను చూసింది. బడి మూడు వందల మీటర్ల దూరంలో ఉందంది ఫోను. రెండు వందలంది. ఎనభై దగ్గర టింగుమని మోగి, "మీరు పాఠశాల ఆవరణలో ఉన్నారు" అంది.

"గుండ్రంగా తిరుగుతోంది అన్నా, ఆపు. ముఖం స్పష్టంగా లేదంటోంది. నిలబడి తీసుకోమంటోంది."

"పుట్టిలో నిలబడేదా!"

నిలబడక తప్పింది కాదు. ఆమె కుచ్చిళ్ళు దోపుకుని లేచింది. ఓబులేసు తెడ్డును నీళ్ళలోకి నిట్టనిలువునా దించి, కాళ్ళు రెండువైపులా తన్నిపెట్టి పుట్టిని బిగబట్టాడు. మొదటిసారి ఫోను ఆమె గొడుగును చూసి ముఖం కాదంది. రెండోసారి ఆమె కళ్ళు మూసుకుని ఉందంది. మూడోసారి, తొమ్మిదికి రెండు నిమిషాలుండగా, హాజరు పడింది. ఆమె కూలబడి, మళ్ళీ అంచు పట్టుకుంది.

తొమ్మిదేళ్ళ తర్వాత తుమ్మలేటిపల్లె బడికి టీచరు వచ్చింది.

"ఇంగ ఒడ్డుకు పోదామా?" అన్నాడు ఓబులేసు.

"నాలుగింటికి మళ్ళీ వెయ్యాల."

"అంతసేపు ఈడ ఏం జేస్తావు మేడమ్?"

"ఏం చేసేది అన్నా, ఆప్షన్ నేనే ఇచ్చుకున్నానంటున్నారు" అంది.

"మాకూ ఇచ్చినార్లే ఆప్షను" అన్నాడు ఓబులేసు తెడ్డు వేస్తూ. "ఊరు ఖాళీ జేసేటప్పుడు. పొద్దన పోతారా, సాయంత్రం పోతారా అని అడిగినారు. సాయంత్రం అంటిమి. బువ్వ తిని పోవచ్చు గదా అని."

ఒడ్డుకు వచ్చేలోపల కాలనీ సంగతంతా చెప్పాడు. అక్కడ హైస్కూలు చదువు చదవాల్సిన పిల్లలు నలభై మందికి పైనే ఉన్నారు. బడి లేదు. బడి ఇవ్వమని తొమ్మిదేళ్ళలో పదకొండు అర్జీలు పెట్టారు. పదకొండుసార్లూ ఒకటే జవాబు, "సదరు ఆవాసమునకు ఉన్నత పాఠశాల ఇదివరకే కలదు." మగపిల్లలు కొందరు ఆరు కిలోమీటర్లు నడిచి పక్క మండలానికి పోతారు. ఆడపిల్లలు చాలామంది అయిదుతోనే మానేశారు. ఓబులేసు కూతురు భవాని కూడా మానేసి మూడేళ్ళయింది.

సుభాషిణి ఆ మధ్యాహ్నమే కాలనీకి వెళ్ళింది. కాలనీ మొదట్లో పాలకేంద్రం ఉంది. ఓబులేసు అక్క చెన్నమ్మ దాన్ని నడుపుతుంది. పొద్దున ఎనిమిదికల్లా పాలు పోసుకుని లారీకెక్కిస్తే మళ్ళీ సాయంత్రం అయిదు దాకా రేకుల షెడ్డు ఖాళీ.

"పులిసిన వాసనొస్తాది టీచరమ్మా. ఓర్సుకుంటావా?" అంది చెన్నమ్మ.

"పొద్దున్నుంచి నీళ్ళ మీద కూర్చున్నా అక్కా. నేలమీద ఏ వాసనైనా బాగానే ఉంటుంది."

మర్నాటి నుంచి అదే రోజువారీ పని అయింది. తొమ్మిదికి నీళ్ళ మధ్య హాజరు, పది నుంచి మూడు దాకా పాలకేంద్రంలో పాఠం, నాలుగుకు మళ్ళీ నీళ్ళ మధ్య హాజరు. గాలి ఎక్కువగా ఉన్నరోజు పుట్టి బొంగరంలా తిరిగేది. ఒకరోజు గొడుగు ఎగిరిపోయింది. ఇంకోరోజు ఆమే పోవలసింది, ఓబులేసు జబ్బ పట్టుకుని ఆపాడు. నలభై రెండుమంది పిల్లల పేర్లనూ ఆమె మునిగిపోయిన బడి రిజిస్టర్లోనే ఎక్కించింది. ఇంగ్లీషే కాదు, లెక్కలూ సైన్సూ కూడా చెప్పింది. లెక్కలు రానిచోట భవానిని అడిగి తెలుసుకుంది. ఆ పిల్ల మూడేళ్ళూ పాలకేంద్రం లెక్కలు చూసింది.

శాఖకు మాత్రం ఇంకా చాలా కావలసి వచ్చింది. రోజూ మరుగుదొడ్ల ఫోటో పెట్టాలని యాప్ అడిగేది. అది కూడా బడి ఆవరణలో తీసిందే కావాలి. సుభాషిణి పుట్టిలో కూర్చుని నీళ్ళకు ఫోటో తీసి పెట్టింది. యాప్ కాసేపు ఆలోచించి, "పరిశుభ్రత: అత్యుత్తమం. నీటి లభ్యత: అత్యుత్తమం. దుర్వాసన: గుర్తించబడలేదు" అని అయిదు నక్షత్రాలిచ్చింది. ఆట స్థలం ఫోటో అడిగింది. అదే ఫోటో పెట్టింది. విస్తీర్ణంలో జిల్లాకే మొదటి స్థానం వచ్చింది.

మూడు నెలలు తిరిగేసరికి తుమ్మలేటిపల్లె బడి పేరు రాజధాని దాకా వెళ్ళింది. సున్నా నుంచి నలభై రెండుకు పిల్లలు పెరిగిన బడి రాష్ట్రంలో ఇదొక్కటే. ప్రత్యేకాధికారి సదానందం గారు స్వయంగా తనిఖీకి వస్తున్నారని కబురందింది. తనిఖీలో బాగుందంటే అవార్డు.

ఆయన వచ్చేలోపల రాజధానికి ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది. సదరు ఉపాధ్యాయిని బడి ఆవరణలో కాక పాలకేంద్రంలో బోధిస్తున్నదని. దాంతో అవార్డు కోసం బయల్దేరిన అధికారే విచారణ కోసం వచ్చి దిగారు. వెంట ఫైలుతో పురుషోత్తం గారు.

సదానందం గారు ఒడ్డున నిలబడి చుట్టూ చూశారు. "బడి ఎక్కడ?"

"ఎక్కండి సార్" అంది సుభాషిణి.

పుట్టి నీళ్ళ మీద వెళ్ళినంతసేపూ సదానందం గారు ఓబులేసు భుజం వదల్లేదు. హాజరుచోటు రాగానే ఓబులేసు తెడ్డు దించాడు. "ఇదే సార్. మీ కాళ్ళ కింద ఎనిమిదో తరగతి."

అధికారి వంగి చూసి, వెంటనే వెనక్కి జరిగారు. తనిఖీ ఫారం మాత్రం నింపక తప్పదు. పురుషోత్తం గారు అడుగుతుంటే ఆయన చెబుతూ పోయారు.

"ప్రహరీ గోడ?"

"పరిశీలనకు అందుబాటులో లేదు."

"తాగునీరు?"

"సమృద్ధిగా కలదు."

"పాఠశాల వాతావరణం?"

సదానందం గారు చుట్టూ చూశారు. "ప్రశాంతం."

ఆ తర్వాత గొంతు తగ్గించారు. నలుగురు మోకాళ్ళు తగిలేలా కూర్చున్న బుట్టలో గొంతు తగ్గించి ప్రయోజనం లేదు. "పురుషోత్తం, బడి లేదని రాసేస్తే?"

"రాయొచ్చు సార్. కానీ తొమ్మిదేళ్ళుగా ఏటా తనిఖీ చేసి 'సంతృప్తికరం' అని రాసి ఉన్నాం. అందులో మూడేళ్ళు సంతకం తమరిదే."

సదానందం గారు ఒకసారి నీళ్ళకేసి చూశారు. తర్వాత సుభాషిణి వైపు తిరిగారు. "చూడమ్మా. బడి ఉన్నది. ఆ విషయంలో శాఖకు రెండో అభిప్రాయం లేదు. ఉన్న బడిని వదిలి పాలకేంద్రంలో బోధించడం క్రమశిక్షణా రాహిత్యం. సోమవారం నుంచి పిల్లలందరినీ ఆవరణలో ఉంచాలి. లేదా సస్పెన్షన్‌కు సిద్ధపడాలి. రెండింటిలో ఏది కావాలో ఆప్షన్ నీదే."

"నలభై రెండు మందిని పుట్టిలో ఎక్కిస్తే మునిగిపోతారు సారూ" అన్నాడు ఓబులేసు.

"అది రవాణాకు సంబంధించిన అంశం."

సుభాషిణి ఇరవై ఏళ్ళ సర్వీసులో పై అధికారికి ఎదురు చెప్పలేదు. ఏ జవాబైనా "తమ ఆదేశానుసారము" అనే మొదలుపెట్టేది. ఇప్పుడామె బుట్ట అంచును ఇంకా గట్టిగా పట్టుకుంది.

"తీసుకొస్తాను సార్" అంది. "పిల్లల్ని ఇక్కడికి తెమ్మని ఒక్క ముక్క రాసి, కింద సంతకం పెట్టివ్వండి చాలు."

పురుషోత్తం గారి చేతిలో పెన్ను ఆగిపోయింది. సదానందం గారు జేబులో పెన్నును తడిమి చూసుకుని, అది ఉన్నందుకు బాధపడినట్టు చెయ్యి తీసేశారు. ముప్పై మూడేళ్ళలో పురుషోత్తం గారు ఎంతోమంది ఉద్యోగులను చూశాడు. ఏడ్చినవాళ్ళు, అరిచినవాళ్ళు, కాళ్ళు పట్టుకున్నవాళ్ళు. రాసివ్వమని అడిగినవాళ్ళే అరుదు. ఆయన ఆమె వైపు మొదటిసారి గౌరవంగా చూశాడు.

"సార్" అన్నాడు నెమ్మదిగా. "నిర్ణయం మనమెందుకు తీసుకోవాలి? తల్లిదండ్రులకే ఆప్షన్ ఇద్దాం. వాళ్ళు కోరుకున్నట్టు ఉంటుంది, మనమీద మాట ఉండదు."

సదానందం గారి ముఖం వెలిగింది. "భేష్! భాగస్వామ్య పద్ధతి! ఏర్పాటు చెయ్యండి."

ఆ శనివారమే పాలకేంద్రంలో సమావేశం పెట్టారు. జిల్లా కార్యాలయంలో ఎప్పటిదో ఫారం నమూనా ఉంటే పైన పేరు మార్చి నలభై రెండు కాపీలు తీశారు. ఫారం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చదివి వినిపించే పని ఇంగ్లీషు టీచరుకే పడింది. కాలనీ అంతా వచ్చింది. సదానందం గారు పాలడబ్బాల పక్కన కుర్చీలో కూర్చుని ప్రజాభిప్రాయ విలువ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు.

సుభాషిణి ఫారం తీసుకుని చదివింది. "ఒకటి. పాఠశాలను ప్రస్తుతమున్న చోటనే కొనసాగించుటకు సమ్మతి. రెండు. పాఠశాలను మూసివేయుటకు సమ్మతి."

"ఒకటికి టిక్కు పెడితే?" అని అడిగింది చెన్నమ్మ.

"బడి డ్యాములోనే ఉంటుంది."

"రెండుకు పెడితే?"

"ఎక్కడా ఉండదు."

"పొద్దన పోతారా, సాయంత్రం పోతారా" అన్నాడు ఓబులేసు వెనక నుంచి. కొందరు నవ్వారు.

చెన్నమ్మ నవ్వలేదు. కాగితం దగ్గరగా పట్టుకుని చూసింది. ఆమెకు చదువు రాదు గాని, పాలలెక్క కాగితాలు ముప్పై ఏళ్ళుగా చూస్తోంది. గీతలెన్నున్నాయో తెలుసు. "ఈడ మూడో గీత ఉండాది గదా. అదేంది టీచరమ్మా?"

"అది చదవనక్కర్లేదు మేడమ్" అన్నాడు పురుషోత్తం గారు చప్పున. "ప్రతి ఫారంలోనూ ఉంటుంది. అందం కోసం. ఎవ్వరూ వాడరు."

పాలకేంద్రంలో అందరూ ఆమె వైపు చూశారు. సదానందం గారు గొంతు సవరించుకున్నారు. సస్పెన్షన్ మాట ఇంకా ఫైల్లోనే ఉందని ఆ దగ్గుకు అర్థం. సుభాషిణికి ఇల్లు గుర్తొచ్చింది, రాజగోపాల్ దుకాణంలో తుప్పుపట్టిన మిషన్లు గుర్తొచ్చాయి. ముందు వరసలో భవాని కూర్చుని ఉంది. ఆ పిల్ల చూపు టీచరు ముఖం మీద లేదు, కాగితం మీద ఉంది. అప్పటికే ఆ మూడో మాటను కూడబలుక్కుంటోంది. పెదాలు కదులుతున్నాయి.

తను చదవకపోయినా ఆ పిల్ల చదివేస్తుంది. అంతకంటే ముందు తనే చదవడం మర్యాద అనిపించింది సుభాషిణికి.

"మూడు. ఇతరములు. వివరించుము."

"అంటే?"

"పై రెండూ కాకుండా మీకు ఇంకేదైనా కావాలంటే అది రాసుకోవచ్చు అక్కా."

"ఏమైనానా?"

"మీ ఇష్టం. ఆప్షన్ అంటే అసలు అర్థం అదే."

ఆ మాట అన్నాక ఆమెకు భయం పోయిందని చెప్పలేం. పాలడబ్బా మీద కూర్చుంది. కూర్చున్నాక మాత్రం, చాలారోజుల తర్వాత ఒక పాఠం సరిగ్గా చెప్పినట్టు హాయిగా ఉంది.

రాయడం రాని తల్లిదండ్రులకు పిల్లలే రాసిపెట్టారు. నలభై రెండు ఫారాల్లోనూ మూడో గీత మీద, తప్పుల్లేకుండా కొందరూ తప్పులతో కొందరూ, ఒకే మాట రాశారు. "మా బడి మా కాలనీలో కావాలి." కింద తల్లులూ తండ్రులూ వేలిముద్రలు వేశారు. పురుషోత్తం గారు ఫారాలను రెండుసార్లు లెక్కపెట్టి ఫైల్లో పెట్టుకున్నాడు. సదానందం గారు టీ తాగకుండా వెళ్ళిపోయారు.

నెల గడిచింది. సస్పెన్షన్ ఉత్తర్వు ఈరోజు వస్తుందా, రేపు వస్తుందా అని సుభాషిణి ఎదురుచూస్తూనే పుట్టిలో తిరిగింది. ఒక మధ్యాహ్నం పాలకేంద్రంలో పాఠం నడుస్తుండగా పురుషోత్తం గారు ఫోన్ చేశాడు.

"మేడమ్, మీకు ఒక విషయం తెలుసా? ఇతరములు అనే ఊరు ఎక్కడుంది?"

"ఇతరములా సార్?"

"అవునండీ. మీ ఫారాలన్నీ కంప్యూటర్లో ఎక్కించాం. వివరం రాసే గడిలో మీవాళ్ళు రాసినంత వాక్యం పట్టలేదు. దాంతో అది ఆ ముక్క వదిలేసి, పైనున్న ఇంగ్లీషు మాటనే తెలుగు చేసి ఊరిపేరుగా తీసుకుంది. రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చేసింది, వినండి. 'తల్లిదండ్రుల ఏకగ్రీవ ఆప్షన్ మేరకు తుమ్మలేటిపల్లె ఉన్నత పాఠశాలను ఇతరములు గ్రామమునకు తక్షణమే తరలించడమైనది.' పై అధికారులు సంతకం కూడా చేసేశారు. ఇక వెనక్కి తీసుకోవడానికి నియమం లేదు. తీరా చూస్తే జిల్లాలో ఆ పేరుతో ఊరు కనబడటం లేదు. మీకేమైనా తెలుసేమోనని."

సుభాషిణి పక్కనున్న ఖాళీ జాగా వైపు చూసింది. షెడ్డులో పిల్లలు గట్టిగా ఎక్కాలు చదువుతున్నారు.

"తెలుసు సార్" అంది. "పాలకేంద్రం పక్కనే."

అటువైపు కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు. ముప్పై మూడేళ్ళ సర్వీసు ఆ కాసేపట్లో ఏం లెక్క వేసుకుందో ఆమెకు తెలియదు.

"అట్లాగా" అన్నాడు పురుషోత్తం గారు చివరికి. "అయితే ఆలస్యం దేనికి? అక్కడ నిలబడి ఫోన్లో చోటు గుర్తు పంపండి. సాయంత్రానికి కోడు వేయిస్తాను."

పంపింది. సాయంత్రానికి పదకొండు అంకెల కోడు వచ్చింది. దసరా సెలవులు అయ్యేలోపల రెండు రేకుల గదులు వచ్చాయి, నల్లబల్ల వచ్చింది, లెక్కల మాస్టారొకాయన కూడా వచ్చాడు. ఇంగ్లీషు పోస్టు బడి వెంటే తరలింది. ఇందుకు సుభాషిణిని ఎవరూ ఆప్షన్ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదో ఆమే సరిగ్గా చెప్పలేదు. రోజూ రెండు బస్సులు మారాలి, ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. గండ్లూరు బడి ఇంటికి నాలుగు వీధుల దూరం. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు, మనసులో మాత్రం రోజూ అనుకునేది.

బోర్డు రాయడానికి టౌను నుంచి పెయింటరు వచ్చాడు. ఉత్తర్వులో ఎట్లా ఉంటే అట్లాగే రాయాలని అతనికి గట్టిగా చెప్పి పంపారు. 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అని పై వరసలో రాసి, కింద ఊరిపేరు రాయబోతూ సందేహపడ్డాడు.

"ఇతరములు అనే రాయమంటారా మేడమ్? చూసినోళ్ళు నవ్వుతారేమో."

సుభాషిణికీ అదే అనుమానం. పక్కన చెన్నమ్మ ఉంటే ఆమె వైపు చూసింది. "ఏం అక్కా, పేరు మార్చమని అర్జీ పెడదామా?"

చెన్నమ్మ పాలడబ్బా చంకన పెట్టుకుని బోర్డు చూస్తోంది. "ఎందుకు మార్సేది? నీళ్ళొచ్చి ఊరు పోయినకాడ్నుంచి ఏ కాగితంలో సూసినా మమ్మల్ని రాసేది ఆ గడిలోనే గదా. రేషనుకు పోతే ఇతరులు, ఆస్పత్రికి పోతే ఇతరులు." పెయింటరు వైపు తిరిగింది. "పెద్దచ్చరాలతో రాయి నాయనా. దూరానికి కనపడాల."

పెయింటరు కుంచె ముంచాడు. సుభాషిణి లోపలికి వెళ్ళి హాజరుపట్టీ తెరిచింది. ఆ రోజు నలభై రెండుమందీ వచ్చారు.